సింహళ సేవకుడు జోసెఫ్ వాజ్

ఒక మతం ఒక దేశంలో ప్రవేశించడానికి మార్గాలు అనేకం. వర్తకులతో కలిసి ఓడ దిగవచ్చును. రాజుల వెంట సేనలతో రావచ్చును. భిక్షాపాత్ర పట్టుకొని కాలినడకను రావచ్చును. అధికారం వెంట వచ్చిన మతానికి ఆరంభంలో ఆదరణ ఎక్కువ. కాని ఆ అధికారం కూలిననాడు దాని వేరు ఎంత లోతున ఉన్నదో బయటపడుతుంది. సింహళ ద్వీపంలో కాథలిక్ మతానికి ఈ పరీక్ష 17వ శతాబ్ది నడుమ ఎదురైనది. ఆనాడు దానిని నిలిపినవాడు ఐరోపా చక్రవర్తి కాడు, సేనాపతి కాడు. గోవానుండి చెప్పులు లేని కాళ్లతో బయలుదేరిన ఒక భారతీయ గురువు. ఆయన పేరు జోసెఫ్ వాజ్. శ్రీలంక కాథలికులు ఆయనను తమ దేశానికి అపొస్తలుడని గౌరవిస్తారు. మన దేశంలో గోవా, మంగళూరు ప్రాంతాలను మినహాయిస్తే ఆ పేరు విద్యార్థులకు అంతగా పరిచితం కాలేదు. పొరుగుదేశ చరిత్రపై ఒక భారతీయుడు ఇంత గాఢమైన ముద్ర వేసిన ఉదంతం మనకు తెలియవలసినదే.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే అంతకుముందు జరిగిన కథ కొంత చెప్పుకోవాలి. మన పెద్దలు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారు 1505 ప్రాంతంలో సింహళ తీరం చేరినారు. దాల్చినచెక్క వర్తకం వారిని అక్కడికి రప్పించినది. వర్తకం వెంట కోటలు వచ్చినవి. కోటల వెంట ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వచ్చినారు. కోట్టె రాజైన ధర్మపాలుడు 1557లో జ్ఞానస్నానం పొందినాడు. ఉత్తరాన మన్నారు ద్వీపంలో జాలరులు అనేకులు కొత్త మతాన్ని స్వీకరించినారు. ఇది పోర్చుగీసు అధికారానికి తోవ తీస్తుందని భయపడిన జాఫ్నా రాజు 1544లో వారిలో వందలమందిని చంపించినాడు. మరొకవైపు పోర్చుగీసువారు తమ పాలనలోని బౌద్ధ విహారాలను, హిందూ దేవాలయాలను ధ్వంసం చేసినారు. విశ్వాసంతో చేరినవారు ఉన్నారు. ఉద్యోగం కోసం, భూమి కోసం చేరినవారూ ఉన్నారు. ఎవరు ఏ కారణాన చేరినారో తేల్చగల అవకాశం పోర్చుగీసు జెండా ఎగిరినంతకాలం లేదు.

ఆ జెండా దిగిపోయినది. డచ్చివారు 1656లో కొలంబోను, 1658లో జాఫ్నాను పట్టుకొన్నారు. వారు ప్రొటెస్టెంట్లు; అందులోను కాల్విను మార్గానుయాయులు. కాథలికులన్నవారు పోర్చుగీసు పక్షపాతులేనని వారి అనుమానం. అందుచేత కాథలిక్ గురువులందరినీ దేశంనుండి వెళ్లగొట్టినారు. గురువుకు ఇంట ఆశ్రయమిచ్చినవారికి మరణదండన అని 1658లో ప్రకటించినారు. కాథలిక్ దేవాలయాలు డచ్చివారి ప్రార్థనాలయాలుగాను, బడులుగాను మారినవి. సర్కారు కొలువు కావాలన్నా, వివాహం దస్తావేజులలో చేరాలన్నా సంస్కరణ సంఘంలో పేరు ఉండవలెను. జనం ఆదివారం నాడు డచ్చి ఉపదేశకుని ఎదుట కూర్చొని, ఇంటికి వచ్చి తలుపు మూసి జపమాల తిప్పుకొన్నారు. ఇట్లు దాదాపు ముప్పది సంవత్సరాలు గడచినవి. పెద్దలు చనిపోయినారు, పిల్లలు గురువు ముఖం ఎరుగకుండానే పెద్దవారైనారు.

ఈ దుస్థితి గోవాకు తెలియకపోలేదు. అక్కడ మతగురువులకు కొరత లేదు; సన్యాసి మఠాలకు కొరత లేదు. కాని డచ్చివారి చేతికి చిక్కితే ఏమగునో అందరికీ తెలియును. తెల్లని మేనుగల పోర్చుగీసు గురువు సింహళ గ్రామంలో ఒక్క పూటకూడ దాగజాలడు. దాగగలవాడు దేశీయుడు మాత్రమే. ఆనాటి గోవాలో దేశీయ గురువుల స్థానమో చాల చిన్నది. ఐరోపా సన్యాసి సంఘాలు తమలో దేశీయులను చేర్చుకొనేవి కావు. పాండిత్యం ఎంత ఉన్నా వారు సహాయ గురువులుగానే మిగిలేవారు. అధికులు చిన్నచూపు చూచిన ఆ మేని రంగే రేపు ఒక దేశపు కాథలికులకు రక్ష కానున్నదని ఎవరూ ఊహించి ఉండరు.

జోసెఫ్ వాజ్ 1651వ సంవత్సరం ఏప్రిల్ 21వ తేదీన గోవాలోని బెనావ్లిం గ్రామంలో, తల్లి పుట్టినింట జన్మించినాడు. తండ్రి క్రిస్తొవావ్ వాజ్ సాంకోవాళ్ గ్రామస్థుడు. తల్లి మరియా దె మిరాండా. వారిది క్రైస్తవం స్వీకరించిన సారస్వత బ్రాహ్మణ కుటుంబం. ఇంట కొంకణి మాట్లాడుకొనేవారు. ఆరుగురు సంతానంలో జోసెఫ్ మూడవవాడు. సాంకోవాళ్‌లో పోర్చుగీసు భాష, బెనావ్లింలో లాటిన్ భాష నేర్చిన పిమ్మట గోవా నగరానికి వెళ్లి జెస్యూట్ల కళాశాలలో సాహిత్యశాస్త్రాలను, డొమినికన్ల విద్యాలయంలో తత్త్వశాస్త్రాన్ని, వేదాంతాన్ని అభ్యసించినాడు. 1676లో గోవా అగ్రపీఠాధిపతి ఆయనకు గురుపట్టాభిషేకం చేసినాడు. నాటికి ఆయనకు ఇరువది అయిదేండ్లు.

గురువైన దినాలనుండే ఆయన పాదరక్షలు విడిచినాడు. ఊరిలోని బీదలు చెప్పులు లేకుండ నడుస్తారు కావున తానును అట్లే నడువవలెనని ఆయన నియమం. సాంకోవాళ్‌లో ఒక లాటిన్ పాఠశాల తెరచి పిల్లలకు చదువు చెప్పినాడు. 1677 ఆగస్టు 5వ తేదీన తాను మరియమాతకు జీవితాంతం దాసుడనని ఒక పత్రం వ్రాసి సంతకం చేసినాడు. దాసుడు యజమాని చెప్పిన చోటికి వెళ్లవలె, జీతం అడుగరాదు. తరువాతి ముప్పదిమూడేండ్ల ఆయన జీవితం ఆ పత్రానికి వ్యాఖ్యానమనే చెప్పాలి.

సింహళానికి వెళ్లాలని ఆయన కోరినాడు. పెద్దలు మొదట కన్నడ తీరానికి పంపినారు. 1681నుండి 1684వరకు మంగళూరు, బసరూరు, బార్కూరు, కుందాపురం ప్రాంతాలలో ఆయన పని చేసినాడు. అక్కడ ఒక చిక్కు ఉండినది. ఆసియాలో మతాధికారం పోర్చుగీసు రాజు ద్వారా జరుగవలెనని ఒక పక్షం; రోములోని మతప్రచార సభ నేరుగా నడపవలెనని మరొక పక్షం. కన్నడ తీరంలో ఒకే జనానికి ఇద్దరు అధికారులు ఏర్పడి, ఎవరు జరిపిన సంస్కారం చెల్లునో తెలియక సామాన్యులు నలిగిపోయినారు. వాజ్ ఒక పక్షాన నియమితుడైకూడ రెండవ పక్షపు పీఠాధిపతితో సామరస్యంగా మెలగినాడు. వాదం పెద్దలకు విడిచి, పాడుపడిన దేవాలయాలను బాగుచేసినాడు. చిన్న బడులు పెట్టినాడు. బానిసలుగా అమ్ముడుపోయినవారికి వెల చెల్లించి విడిపించినాడు. అధికారుల తగవు విశ్వాసుల నోటి కూడు తీస్తుందన్న పాఠం ఆయన అక్కడ నేర్చుకొన్నాడు.

1684లో గోవాకు తిరిగివచ్చిన పిమ్మట, మరుసటి యేడు ఆయన కొందరు దేశీయ గురువులతో కలిసినాడు. వారు ఓల్డ్ గోవాలోని పవిత్ర శిలువ దేవాలయం వద్ద ఒక సమాజంగా జీవించడానికి పూనుకొన్నారు. ఇటలీలో పునీత ఫిలిప్ నేరి స్థాపించిన ఓరటరీ పద్ధతిని వారు అనుసరించినారు. భారతీయ గురువులు తమకు తాము కూర్చుకొన్న తొలి కాథలిక్ సంఘాలలో అది ముఖ్యమైనది. వాజ్ దానికి పెద్ద అయినాడు. ఇతర సంఘాల వాకిలి తెరువకపోతే తమ ఇల్లు తామే కట్టుకొన్నారు. ఆ ఇంటినుండే రాబోయే శతాబ్దిన్నర కాలం సింహళానికి గురువులు వెళ్లినారు.

1686లో వాజ్ గోవా విడిచినాడు. వెంట ఇంటి పరిచారకుడు జాన్ ఒక్కడు. పడమటి తీరం వెంబడి దక్షిణానికి ప్రయాణించి, 1687 వసంతంలో తూత్తుకుడి చేరినాడు. ఉత్తర సింహళంలో అవసరమైన తమిళ భాషను ఈ కాలంలో అభ్యసించినాడు. గురువు వస్త్రాలు మూటలో దాచి, కూలివాని మొలగుడ్డ కట్టుకొని ఓడ ఎక్కినాడు. ఓడ తుపానుకు చిక్కి ప్రయాణం ఆలస్యమైనది; తిండి, నీరు కరవైనవి. జాఫ్నా చేరేసరికి ఆయన తీవ్రమైన రక్తగ్రహణితో నిలువలేని స్థితిలో ఉన్నాడు. అంటువ్యాధి అని జనం దరిచేరలేదు. ఊరిబయట పడి ఉన్న ఆ యిద్దరికీ ఒక పేదరాలు గంజి పోసి బ్రదికించినది. ఆ తల్లి పేరు చరిత్రకు అందలేదు. కాని సింహళంలో వాజ్ స్వీకరించిన తొలి భిక్ష ఆమె గంజియే.

ఇక కాథలికులను కనుగొనడం ఎట్లు? ఎవరు విశ్వాసి, ఎవరు చారుడు తెలియదు. వాజ్ ఒక ఉపాయం పన్నినాడు. మెడలో జపమాల వేసికొని ఇంటింటికి తిరిగి బిచ్చమెత్తినాడు. బిచ్చం వేయవచ్చినవారి చూపు ఆ పూసలమీద ఎట్లు నిలిచినదో గమనించినాడు. అది ఎరుగనివారు బియ్యం వేసి లోనికి పోయినారు; ఎరిగినవారు ఒక్క క్షణం ఆగినారు. అట్లు ఆగిన ఒక ఇంట ఆయన మెల్లగా తానెవరో తెలియజేసినాడు. ముప్పది యేండ్లుగా ఎదురుచూచిన వార్త చీకటిలో ఇంటినుండి ఇంటికి పాకినది.

పగలు బిచ్చగాడు, రాత్రి గురువు. ఇళ్ల లోగిళ్లలో దీపం చాటుచేసి దివ్యపూజ జరిగేది. పసివారికే కాక నడివయస్సువారికికూడ జ్ఞానస్నానాలు జరిగినవి. జాఫ్నాకు చేరువనున్న సిల్లాలై గ్రామస్థులు ఆయనను తమలో దాచుకొన్నారు. డచ్చి అధికారులకు ఈ సంగతి పొక్కినది. 1689 క్రిస్మసు రాత్రి పూజకు కూడిన కాథలికులపై సైనికులు పడి సుమారు రెండువందలమందిని పట్టుకొన్నారు. పెద్దలనదగిన ఎనమండుగురిని క్రూరంగా కొట్టించినారు. వారిలో డచ్చి మతం విడిచి కొత్తగా కాథలికుడైన ఒకడు ఆ దెబ్బలకు మరణించినాడు; తక్కినవారిని కోట కట్టుడు పనిలో బానిసలుగా పెట్టినారు. వాజ్ చిక్కలేదు. ఆయనను పట్టియిచ్చి ఉంటే వారికి ప్రాణాలు దక్కి ఉండేవి. ఎవరూ పట్టియ్యలేదు. పోర్చుగీసు కాలంలో తేలని ప్రశ్నకు ఆ రాత్రి సమాధానం దొరికినది.

తన మూలాన జనం కష్టపడుతున్నారని గ్రహించి వాజ్ 1690లో పుత్తళం వెళ్లినాడు. అది కాండీ రాజ్యంలోనిది. తీరమంతా డచ్చివారి వశమైనా, నడిమి కొండసీమ స్వతంత్ర బౌద్ధ రాజుల పాలనలో ఉండినది. రెండేండ్లకు ఆయన కాండీ నగరానికి బయలుదేరినాడు. అయితే ఆ రాజసభలో లనెరోల్ అనే ఫ్రెంచి ప్రొటెస్టెంటు ఉండినాడు. వచ్చుచున్నవాడు పోర్చుగీసువారి గూఢచారి అని అతడు రాజుకు విన్నవించినాడు. నగరం చేరకముందే వాజును, ఆయన తోడివారిని బంధించి చెరలో ఉంచినారు.

చెరసాలలో పడినవాడు చేయగలిగిన పనులు తక్కువ. వాజ్ అక్కడ సింహళ భాష నేర్చుకొన్నాడు. తమిళం ఉత్తరాన చాలును. కొండసీమలోను, దక్షిణ తీరంలోను సింహళం లేనిదే ఒక్క మాట సాగదు. కావలివారి పలుకులు వింటూ, మాటలు కూర్చుకొంటూ, చెరను బడిగా మార్చుకొన్నాడు. నాల్గవ పదిలో పడిన మనిషికి కొత్త లిపి, కొత్త ఉచ్చారణ పట్టుబడడం ఎంత ప్రయాసయో భాష బోధించే మనకు బాగా తెలియును. కొంతకాలానికి కాపలా సడలినది. ఆవరణలోనే ఒక పాక వేసి, బల్లను బలిపీఠం చేసి పూజ జరుపసాగినాడు. పూర్వ యుద్ధాలలో పట్టుబడి కాండీలో స్థిరపడిన పోర్చుగీసు సైనికుల సంతతివారు, గురువు లేక మతాచారాలు మరచినవారు, ఒక్కొక్కరుగా ఆ పాకకు వచ్చినారు.

ఆయన విడుదలనుగురించి శ్రీలంక కాథలికులు ఒక ఐతిహ్యం చెప్పుకొంటారు. రాజ్యంలో తీవ్రమైన అనావృష్టి కలిగినదట. ఎవరి ప్రార్థనలకూ వాన రాకపోగా రాజు ఈ బందీని ప్రార్థించమన్నాడట. వాజ్ నగర వీథిలో శిలువ నిలిపి మోకరిల్లగా కుండపోతగా వాన కురిసినదనీ, ఆయన మోకరిల్లిన చోటు మాత్రం తడవలేదనీ విశ్వాసుల నమ్మకం. ఐతిహ్యం ఎట్లున్నా ఫలితం చారిత్రకం: వాజ్ కాండీ రాజ్యంలో స్వేచ్ఛగా తిరుగుటకు, బోధించుటకు అనుమతి పొందినాడు.

అనుమతించిన రాజు రెండవ విమలధర్మసూర్యుడు. ఈయన బౌద్ధమతంపట్ల ఉదాసీనుడు కాడు. సింహళంలో క్షీణించిన భిక్షు పరంపరను పునరుద్ధరించడానికి అరకాను దేశంనుండి భిక్షువులను రప్పించినవాడు. బుద్ధుని దంతధాతువుకు మూడంతస్తుల మందిరం కట్టించినవాడు. తన ధర్మంలో అంత శ్రద్ధగల రాజు పరధర్మ బోధకుని కాపాడినాడు. క్రైస్తవుడైన డచ్చి గవర్నరు తోటి క్రైస్తవుని వేటాడుచుండగా బౌద్ధ రాజు నీడ ఇచ్చినాడు. కాండీకి డచ్చివారితో గల వైరం ఇందుకు కొంత కారణం కావచ్చును. అయినా ఏండ్ల తరబడి ఆ నీడ నిలుచుటకు రాజనీతి ఒక్కటే చాలదు. ఆ మనిషియందు గౌరవం ఉండవలె.

ఆ గౌరవానికి కారణం 1697లో స్పష్టమైనది. గోవానుండి ఓరటరీ గురువులు కొందరు తోడు వచ్చినారు. వారిలో జోసెఫ్ కర్వాలో ఆయన మేనల్లుడు. కొచ్చిన్ పీఠాధిపతి వాజును సింహళానికి తన ప్రతినిధిగా నియమించినట్లు వారు కబురు తెచ్చినారు. అంతలో కాండీలో మశూచి చెలరేగినది. రాజు, ప్రధానులు నగరం విడిచినారు. వ్యాధి సోకినవారిని అడవి అంచున విడిచి బంధువులు పారిపోయినారు. వాజ్, కర్వాలో పాకలు వేసి రోగులను మోసికొనివచ్చినారు, గంజి కాచి పోసినారు, పుండ్లు కడిగినారు, చనిపోయినవారిని పూడ్చినారు. రోగి బౌద్ధుడా, క్రైస్తవుడా అని చూడలేదు. పదేండ్ల క్రితం రోగియై ఊరిబయట పడి గంజి త్రాగి బ్రదికినవాడు ఇప్పుడు ఊరిబయట పడినవారికి గంజి పోసినాడు. గూఢచారి అన్న మాట ఆ తరువాత కాండీలో చెల్లలేదు.

ఆయన సంఘాన్ని కూర్చిన పద్ధతి ముఖ్యమైనది. గురువులు పిడికెడుమంది; గ్రామాలు వందలు. ఒక గ్రామానికి గురువు ఏడాదికి ఒకమారు వచ్చుటయే గగనం. అందుచేత ప్రతి గ్రామంలోను పెద్దమనుష్యులను ఏర్పరచినారు. మూప్పు అనే పెద్ద ప్రార్థనలు నడిపించును, గుడి చూచుకొనును. అన్నావి పిల్లలకు మతపాఠం నేర్పును, పాటలు పాడించును. ప్రార్థనలు, సిద్ధాంతం తమిళ సింహళాలలో అందరికీ అర్థమగునట్లు ఏర్పడినవి. గురువు లేకపోయినా మతం నిలువగలిగినది. వాజ్ మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు. వేషం మార్చుకొని డచ్చివారి ముఖ్య నగరమైన కొలంబోలోకికూడ వెళ్లి, రాత్రి వేళ పూజ జరిపి, తెల్లవారకముందే నిష్క్రమించినాడు.

1705లో గోవానుండి జాకొమె గొన్సాల్వెస్ అనే యువ గురువు వచ్చినాడు. ఆయనలోని భాషాశక్తిని గుర్తించి వాజ్ గ్రంథరచనకు ప్రోత్సహించినాడు. గొన్సాల్వెస్ సింహళ కావ్యభాషను క్షుణ్ణంగా అభ్యసించి గద్యంలోను పద్యంలోను అనేక గ్రంథాలు రచించినాడు, తమిళంలోను వ్రాసినాడు, నిఘంటువులు కూర్చినాడు. ఆయన బైబిలు కథకు దేవవేద పురాణమని పేరు పెట్టినాడు. వేదం, పురాణం అన్న మాటలు ఆ జనానికి కొత్తవి కావు. ఆ పేరుతో వచ్చిన కథ పరాయిది అనిపించలేదు. క్రీస్తు శ్రమలను శోకరాగంలో చదివే పసన్ సంప్రదాయం ఆయన రచనలతో బలపడి, నేటికీ ఉపవాసకాలంలో శ్రీలంక గ్రామాలలో వినవచ్చుచున్నది. కొంకణి మాతృభాషగల ఇద్దరు గోవావారు సింహళ సాహిత్యంలో ఒక శాఖకు కారకులైనారు. పోర్చుగీసువారు నూటయేబదియేండ్ల అధికారంతో సాధించలేనిది ఈ భాషాసేవ సాధించినది.

రోమునుండి ఆసియాకు వచ్చిన పాపుగారి ప్రతినిధి తూర్నో ఈ కృషి విని వాజును పీఠాధిపతిని చేయదలచినాడు. దేశీయ గురువులకు అంతటి పదవి దుర్లభమైన కాలమది. వాజ్ వినయంగా నిరాకరించినాడు. దాసునిగా వ్రాసికొన్న పత్రంలో పదవికి చోటు లేదు.

1707లో విమలధర్మసూర్యుడు గతించి కుమారుడు నరేంద్రసింహుడు రాజైనాడు. అతడును తండ్రివలె ఆదరించినాడు. కాని కాలినడకలు, ఉపవాసాలు, జ్వరాలు వాజు దేహాన్ని పిండివేసినవి. 1711 జనవరి 16వ తేదీన కాండీలో ఆయన కన్నుమూసినాడు. నాటికి ఏబదితొమ్మిదేండ్లు, సింహళంలో అడుగిడి ఇరువదినాలుగేండ్లు. ఒక్కసారికూడ గోవాకు తిరిగిపోలేదు. ఆయన వచ్చుసరికి ఒక్క గురువైనా లేని దేశంలో, పోవుసరికి డెబ్బదివేల కాథలికులు ఉండిరని చరిత్రకారుల అంచనా. కాండీలోని చిన్న దేవాలయంలో ఆయన దేహాన్ని సమాధి చేసినారు.

ఆ సమాధి నేడు ఎక్కడ ఉన్నదో తెలియదు. నరేంద్రసింహుని తరువాత సింహాసనం ఆయన రాణి సోదరునికి దక్కినది. ఈ కొత్త వంశం మధుర నాయకుల బంధువులది. అనగా తెలుగు మూలంగల నాయక్కరులది. మన తెలుగువారికి ఈ కథలో తగిలే దారపు పోగు ఇదే. ఆ వంశపు తొలి రాజు శ్రీ విజయరాజసింహుడు 1739నుండి 1747వరకు పాలించినాడు. పరదేశంనుండి వచ్చిన ఆ వంశానికి బౌద్ధ ప్రజల మన్నన అవసరమైనది. ఆయన కాలంలో కాథలిక్ గురువులకు బహిష్కారం, దేవాలయాలకు ధ్వంసం ప్రాప్తించినవి. రాజుల ఆదరణ ఎంత చంచలమో మరొకమారు రుజువైనది. అయినా గ్రామాలలో మూప్పులు, అన్నావులు ఉండనే ఉన్నారు. ప్రార్థన ఆగలేదు.

1796లో డచ్చివారి స్థానంలో ఆంగ్లేయులు వచ్చినారు. 1806లో కాథలికులపైగల నిషేధాలను గవర్నరు మెయిట్లండ్ రద్దుచేసినాడు. దాపరికం తొలగగానే సంఘం ఒక్కసారిగా బయటికి కనిపించినది. 1847లో ఓబ్లేటు సన్యాసులు ఐరోపానుండి వచ్చి బడులు, ఆస్పత్రులు విస్తరింపజేసినారు. నేడు శ్రీలంకలో పన్నెండు కాథలిక్ పీఠాలు ఉన్నవి. 2012 జనాభా లెక్కలలో నూటికి సుమారు ఆరుగురు కాథలికులు. నెగొంబో, చిలాపం తీరాలలో జాలరుల వాడలు, మన్నారు, జాఫ్నాలలో తమిళ గ్రామాలు ఈ సంఘానికి ఆయువుపట్టులు. సింహళులు, తమిళులు ఇరువురూ సభ్యులుగా ఉన్న సంస్థలు ఆ దేశంలో కొద్ది. కాథలిక్ సంఘం వాటిలో ఒకటి.

ఆ ఐక్యం సులభంగా నిలువలేదు. 1983నుండి 2009వరకు సాగిన అంతర్యుద్ధంలో గురువులు, విశ్వాసులుకూడ జాతిభేదంతో చీలినారు. మన్నారు అడవిలోని మడు మరియమాత పుణ్యక్షేత్రం ఇందుకు సాక్షి. డచ్చి హింసకు జడిసి పారిపోయిన తమిళ, సింహళ విశ్వాసులు అక్కడ కలిసికొన్నారని చెప్పుకొంటారు. ఆగస్టు ఉత్సవానికి రెండు భాషల యాత్రికులూ వెళ్లుదురు. యుద్ధకాలంలో అది వేలాది కాందిశీకులకు ఆశ్రయమైనది. 1999 నవంబరులో ఆ ఆశ్రయంమీదనే ఫిరంగి గుండ్లు పడి పలువురు మరణించినారు. 1995 జనవరి 21న రెండవ జాన్ పాల్ పాపుగారు కొలంబోలో వాజుకు ధన్యుడన్న గౌరవమిచ్చినారు. 2015 జనవరి 14న ఫ్రాన్సిస్ పాపుగారు అదే నగరంలో ఆయనను పునీతునిగా ప్రకటించి, ఆ మధ్యాహ్నమే మడు క్షేత్రాన్ని దర్శించినారు. యుద్ధం ముగిసిన ఆరేండ్లకు ఆ రెండు కార్యాలు ఒకే దినాన జరుగుట యాదృచ్ఛికం కాదు.

మరి నాలుగేండ్లకు మరొక పరీక్ష వచ్చినది. 2019 ఏప్రిల్ 21, ఈస్టరు పండుగనాడు కొలంబోలోని కొచ్చికడే పునీత అంతోని దేవాలయం, నెగొంబో చేరువ కటువాపిటియలోని పునీత సెబాస్టియన్ దేవాలయం, బట్టికలోవాలో ఒక ప్రొటెస్టెంటు ప్రార్థనాలయం, కొలంబోలోని మూడు హోటళ్లు ఆత్మాహుతి బాంబులకు గురియైనవి. 260మందికి పైగా మరణించినారు. ముందుగా హెచ్చరిక అందికూడ నివారించనందుకు నాటి అధ్యక్షుడు, అధికారులు పరిహారం చెల్లించవలెనని 2023 జనవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఏప్రిల్ 21 వాజు జన్మదినం. కొచ్చికడే దేవాలయంకూడ ఆయన పరంపరలోనిదే: డచ్చివారి కాలంలో వర్తకుని వేషంలో తిరిగిన అంతోనియో అనే గురువు అక్కడ శిలువ నాటినాడని చెప్పుకొంటారు. మంగళవారాలలో అక్కడికి బౌద్ధులు, హిందువులు, ముస్లిములుకూడ వచ్చి కొవ్వొత్తులు వెలిగించేవారు. కొన్ని వారాలలోనే ఆ దేవాలయాన్ని బాగుచేసి మరల తెరచినారు.

విద్యార్థులు ఈ చరిత్రలో గమనించవలసినది ఒకటి ఉన్నది. పోర్చుగీసువారికి ఓడలున్నవి, కోటలున్నవి. వారితో వచ్చిన ఆడంబరం వారితోనే పోయినది. వాజు వద్ద ఒక జపమాల, ఒక మూట, కష్టపడి నేర్చుకొన్న రెండు భాషలు మాత్రమే ఉన్నవి. ఆయన నిలిపినది డచ్చివారు పోయినా, కాండీ రాజులు పోయినా, ఆంగ్లేయులు పోయినా ఉన్నది. ఆయన సమాధిని వెదకి దొరకక తిరిగివచ్చే యాత్రికుడు, ఏ గ్రామంలోనైనా సాయంకాలం ఒక ఇంటిముందు ఆగితే, సింహళంలోనో తమిళంలోనో ఇల్లాలు పిల్లలచేత జపమాల చెప్పించుచుండగా వినగలడు. గురువు లేని ముప్పదియేండ్లలో తలుపు మూసి చెప్పుకొన్న ప్రార్థనయే అది. ఇప్పుడు తలుపు తెరచియున్నది.